ప్రశ్న గుర్తు బటన్

నయన ప్రశ్న గుర్తు బటన్ మళ్లీ నొక్కింది. నల్ల తెర మీద ఏ మార్పూ లేదు.

"ఏమ్మా, ఏడాదంతా కూర్చుని చేసింది ఇదేనా?" అన్నాడు కాలేజీ సెక్రటరీ వెంకటకృష్ణయ్య. సిరుగుప్పలో మిల్లు పని వదులుకుని బళ్లారి వచ్చానన్న విసుగు ఆయన మొహంలోనే ఉంది.

"మా ఇంట్లో బాగానే పనిచేస్తాండాది సార్. పది నిమిషాలు టైమియ్యండి."

డిప్లొమా పిల్లలు ప్రోగ్రాములు టైపు చేసే షెల్ అది. అందులో ప్రశ్న గుర్తు నొక్కి, తెలియని మాట కొడితే చాలు, దాని సంగతంతా తెలుగులోనో కన్నడలోనో తెర మీదికి రావాలి. అందుకోసమే నయన ఈ సహాయ లైబ్రరీ అనే ప్రోగ్రాము రాసింది. ఈ రోజు సెక్రటరీ ఒప్పుకుంటే ల్యాబంతా ఇదే పెడతారు, ఆమె గెస్టు లెక్చరర్ ఉద్యోగం పర్మనెంటవుతుంది. ఒప్పుకోకపోతే బెంగళూరు కంపెనీ ఇంగ్లిషు సరుకు వస్తుంది, ఆమె ఇంటికి పోతుంది.

ల్యాబులో ఈ ఒక్క కంప్యూటర్లోనే ఉన్న లైబ్రరీని తీసేసి మళ్లీ ఎక్కించింది. షెల్ మూసి తెరిచింది. ఫైళ్లన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. కోడ్ మొదటినుంచి చదివింది, ఒక్క తప్పూ లేదు. తప్పు దొరికితే బాగుండునని దేవుడికి మొక్కుకునే ఖర్మ ప్రోగ్రాములు రాసేవాళ్లకే ఉంటుంది. మళ్లీ నొక్కింది. బటన్ కాస్త బిరుసుగా తగిలింది. దసరా సెలవుల తర్వాత ఇవాళే తెరిచిన ల్యాబ్ కదా అనుకుంది.

అటెండర్ బసప్ప మానిటర్ల మీద ఎండిపోయిన బంతిపూల దండలు తీస్తూ ఆమె వంక జాలిగా చూశాడు.

"ఇంగ్లిషులో ఏం రాసుండాదో తెలీక పిల్లోళ్లు ఊరికే తలకాయ ఊపుతాండారు సార్," అంది నయన. "ఇదయితే అర్థమయితాది."

"అర్థం కావాలంటే ముందు తెరుచుకోవాలి కదమ్మా. నీ ఇంట్లో పనిచేసేదానికి నేనెందుకు సంతకం పెట్టాలి?"

ఆయన ఫోన్ తీసి బెంగళూరు కంపెనీకి సరేనన్నాడు. "నెలాఖరు దాకా వస్తే చాలమ్మా," అని ఆమెతో చెప్పి కారెక్కాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు. నయనకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

ఖాళీ ల్యాబులో ఆమె కూర్చుండిపోయింది. బసప్ప తుడిచే గుడ్డ పట్టుకుని వచ్చాడు.

"లేమ్మా, తుడుస్తా." కీబోర్డు బోర్లించి రెండుసార్లు తట్టాడు. తిప్పి చూశాడు. "ఈ బటనేంది, కిందికే దిగల్యా?"

టీ చెంచా తెచ్చి, దాని కొసతో ఆ ప్రశ్న గుర్తు బటన్ పైకి లేపాడు. దాని కింద ఎర్రగా గట్టిపడిన పెళ్ల. గంధం, కుంకుమ తడిగా లోపలికి జారి రాయిలా ఎండిపోయాయి. గీకి పారేసి బటన్ మళ్లీ బిగించాడు.

నయన నొక్కింది. తెర మారింది. పిల్లల కోసం తాను రాసిన మొదటి వాక్యం కనిపించింది.

"చెప్పప్పా, యాడ ఆగిపోయినావు?"

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బసప్పకు ఒళ్లు మండింది.

"ఆయుధ పూజకు మానిటర్లకన్నిటికీ బొట్లు పెట్టింది నేనే. బటన్ల జోలికే పోల్యా. ఎవురో సుమ్నె, ఊరికే ఈ ఒక్కదానికి పూసిపెట్టినారు. నీ తప్పేముండాది? సార్‌కు ఫోన్ చేసి చెప్పు."

నయన ఫోన్ తీయలేదు. తెర మీద ఆ వాక్యాన్నే చూస్తూ అంది.

"నువ్వు టెంకాయ కొడతాంటే తట్టలోంచి గంధం, కుంకుమ తీసి నేనే పెట్టినా బసప్పా. నేను రాసిందంతా ఈ బటన్‌తోనే తెరుచుకుంటాది కదా అని, దీనికి రెండుసార్లు పెట్టినా."