ఏడు టికెట్ల మనిషి

టోపీ పెట్టుకున్న ఓ ముసలాయన ఇనుప గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. గేటు మీద మనుషుల్ని లెక్కపెట్టే డబ్బా టక్కుమంది.

పావుగంటకి పక్కదారిన బయటికి పోయి, మళ్ళీ టికెట్టు కొనుక్కుని వచ్చాడు.

మళ్ళీ టక్కు.

ఆట సగమయ్యేసరికి అది ఐదోసారి.

గేటు దగ్గర టికెట్లు చింపే వెల్డా అతని మొహంలోకి చూసింది. తాగిన వాసన లేదు. పోనీ లోపలికెళ్ళి ఆట చూస్తాడా అంటే అదీ లేదు. నాలుగు బంతులు పడేదాకా నిలబడి, జనం కూర్చునే స్టాండు కింద గది వైపే చూస్తాడు.

ఆ గదిలోనే వెల్డా కాపురం. తొమ్మిది నెలల పాప జూన్ అందులోనే నిద్రపోతోంది.

భర్త ఆర్లిస్ మైదానం చూసుకుంటాడు. గడ్డి కోస్తాడు, సున్నం గీతలు గీస్తాడు, వానొస్తే పట్టా కప్పుతాడు. ఆ పనికే గది ఇచ్చారు.

ఇటుక బట్టీల ఊరు కనక బేస్‌బాల్ జట్టుకి బ్రిక్‌మెన్ అని పేరు. ముప్ఫై ఏళ్ళ జట్టు. ఒకప్పుడు బట్టీ కూత పెడితే జనం ఎర్రమట్టి చేతులతోనే వచ్చి కూర్చునేవారట. ఇప్పుడు ఇంటింటికీ టీవీ వచ్చింది. పెద్ద జట్ల ఆట సోఫాలోంచే కనిపిస్తుంటే బ్రిక్‌మెన్ ఎవరికి కావాలి?

ఈ ఏడాది లీగువాళ్ళు తేల్చి చెప్పేశారు. సీజను మొత్తానికి ముప్ఫై వేలమంది రావాలి. ఒక్కరు తగ్గినా జట్టు రద్దు.

జట్టు పోతే గదీ పోతుంది.

లెక్కపెట్టే డబ్బాకి లీగువాళ్ళే సీలు వేసి పోయారు. ఎంతమంది అయ్యారో ఎవరికీ తెలీదు. చేత్తో తిప్పేద్దామన్నా కుదరదు. చింపిన టికెట్టు ముక్కలు పడే పెట్టెకీ వాళ్ళదే సీలు, రెండు లెక్కలూ కలవాలి.

ముసలాయన ఏడోసారి వచ్చాడు.

"ఇన్నిసార్లు ఎందుకు తిరుగుతున్నారు పెద్దాయనా?"

"కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయమ్మా."

"నడవడానికి రోడ్డుంది కదా. దానికి టికెట్టు అక్కర్లేదు."

ఆయన నవ్వాడు. వెళ్ళబోతూ ఆగాడు. "పాపకి ఎన్నో నెల?"

లోపల పాప ఉన్నట్టు ఇతనికెలా తెలుసు?

ఆర్లిస్‌తో చెబితే తేలిగ్గా తీసుకున్నాడు. టికెట్టు కొనుక్కునే వస్తున్నాడు కదా, నీకెందుకే అన్నాడు. మైదానం మధ్యన ఉండేవాడికి గది వైపు చూసే కళ్ళు ఎలా కనిపిస్తాయని ఆమె ఎదురడిగింది. పై ఊళ్ళో ఎవరి బిడ్డో కనబడకుండా పోయిందని పేపర్లో చదివిన దగ్గర్నించీ ఆమెకి ముద్ద దిగడంలేదు.

తర్వాతి ఆటలకీ వచ్చాడు. రోజూ ఏడుసార్లే.

శుక్రవారం ఆట మొదలు కాకముందు వెల్డా వెనక్కి తిరిగి చూస్తే, ఆయన గది గుమ్మంలో ఉన్నాడు. తాడు మీంచి జారిపడిన పాప గౌను దులుపుతున్నాడు.

ఆమె ఒక్క పరుగున వెళ్ళి గౌను లాక్కుంది. క్లబ్బు కార్యదర్శి టాగర్ట్‌ని పిలిచింది. ఆయన కానిస్టేబుల్ని పిలిచాడు.

కానిస్టేబుల్ జబ్బ పట్టుకుంటే ముసలాయన కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. గేటు దగ్గర మాత్రం ఆగాడు.

"ఇవాళ్టితో కలిపి ఇంకా మూడు ఆటలున్నాయమ్మా."

"ఒక్కదానికీ రావద్దు."

"రానులే. నువ్వు మటుకు ఆటకి ఎవరో ఒకర్ని పిలుచుకో."

ఆ మూడు ఆటలూ అయిపోయాయి. ఆయన రాలేదు. వెల్డా కాస్త నిమ్మళంగా టికెట్లు చింపింది.

సోమవారం పొద్దున లీగు మనిషి వచ్చి సీలు తీశాడు. టికెట్టు ముక్కలతో సరిచూసి చదివాడు. ఇరవై తొమ్మిది వేల తొమ్మిది వందల ఎనభై ఒకటి.

పంతొమ్మిదిమంది తక్కువ.

చర్చిలో ఒక మూల కూర్చునేంతమంది కూడా కాదు, ముందే తెలిస్తే మా చుట్టాల్నే తోలుకొచ్చేవాణ్ణి అన్నాడు టాగర్ట్. ఆర్లిస్ సున్నం డబ్బా కిందపెట్టి మైదానంలోకి వెళ్ళిపోయాడు.

వెల్డా పాపని చంకనెత్తుకుని నిలబడి ఉంది. మూడు ఆటలు. ఆటకి ఏడు.

వేళ్ళు మడిచి మరోసారి లెక్కపెట్టింది. ఎన్నిసార్లు లెక్కేసినా ఇరవై ఒకటే.

జరిగిందంతా లీగు మనిషికి చెప్పింది. రాస్తున్నవాడల్లా కలం ఆపాడు.

"ఆయన కాలు ఈడుస్తాడా?"

"ఈడుస్తాడు సార్. ఎవరాయన?"

లీగు మనిషి ఆమె వైపు చూడకుండా కాగితాలు సర్దుకున్నాడు.

"ఓటిస్ ప్రాట్ అని, వెల్‌బర్న్ జట్టు గేట్లో టికెట్లు చింపేవాడమ్మా. రెండేళ్ళ కిందట తొమ్మిదిమంది తగ్గారని నేనే అక్కడ సీలు తీసి చెబితే, స్టాండు కింద తనుండే గదిలోంచి మనవరాల్ని ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయాడు."