రెండో సాక్షి

జకరయ్య వీలునామాను ఆత్మకూరులో దస్తావేజులు రాసే లేఖరి చదివి ముగించాడు. “ఇల్లు కూతురు సుజనకు. రెండో సాక్షి ఎవరు?”

అల్లుడు ప్రభుదాసు పెన్ను అందుకున్నాడు.

జకరయ్య గభాలున అతని చెయ్యి పట్టుకున్నాడు. “నువ్వొద్దబ్బయ్యా! మన క్రైస్తవుల్లో ఆస్తి రాయించుకునేదాని మొగుడే సాక్షి సంతకం పెడితే, ఆమెకు రాసింది చెల్లదు.”

“పెద్దాయన లాయర్లను మించినాడే!” అన్నాడు లేఖరి. “ఆ మాట నిజం.”

సుజన నవ్వలేదు. “అమ్మ పోయేముందు సీతారామపురం చేను నాకు వీలునామా రాసింది. దానికి ఈయన చేత సాక్షి సంతకం పెట్టించింది నువ్వే గదా నాయనా?”

జకరయ్య అల్లుడి చెయ్యి వదిలేశాడు. “నేనే.”

“అప్పటికి నీకు ఈ సంగతి తెలీదు గదా?”

ఔనంటే సరిపోయేది. బిడ్డే దారి చూపించింది. ఇల్లు రాసిచ్చి ఆ పాపం కప్పేద్దామనే ఆయన ఈ పొద్దు బస్సెక్కాడు.

“తెలుసమ్మా. చేను నాకు రాయలేదని కోపం. సంతకాలైనాక మీ అమ్మ నన్నే అడిగింది, అంతా సరిగ్గా ఉండాదా అని. ఉండాదని చెప్పినాను. నమ్మింది.”