పిడిలో అతుకు

విరిగిన కత్తిని ఆఫీసరు బల్లమీద పెట్టాడు. అలుగు ఒక ముక్క, రబ్బరు పిడి ఒక ముక్క.

"దీనివల్ల మావాడొకడు పోయాడు," అన్నాడు. "కొండ దిగుతుంటే తాడు తెగింది. రాతి చీలికలో దీన్ని దిగ్గొట్టి వేలాడాడు. అలుగు రాతిలోనే ఉండిపోతే, తర్వాత పీకి తెచ్చాం. పిడి వాడి చేతిలో దొరికింది."

తనిఖీ గదిలో ఉన్నది ముగ్గురే. ఆఫీసరు, కత్తుల కార్ఖానా యజమాని, పెద్దమేస్త్రీ. ఆఫీసరు కుడిచెయ్యి మెడకు కట్టిన గుడ్డలో ఉంది. ఆయన భుజం మీది దళం పట్టీని మేస్త్రీ గుర్తుపట్టాడు. తన కొడుకు పనిచేసేది ఆ దళంలోనే.

పోయినవాడి పేరేమిటని నీళ్లు నములుతూ అడిగాడు. ఇంటివాళ్లకు కబురు అందేదాకా పేరు బయటపెట్టకూడదన్నాడు ఆఫీసరు. అయితే అంకె చూడాలి. అలుగు మొదట్లో, పిడికి ఆనుకొని, ప్రతి కత్తికీ ఒక అంకె కొడతారు. మేస్త్రీ కళ్లజోడు సవరించుకొని అలుగు ముక్కను కిటికీ వైపు తిప్పాడు. చివర తొంభై ఒకటి. కొడుకు కత్తికి చివర పదిహేడు.

పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ఎవరి బిడ్డో పోయాడని విని కూడా సంతోషించినందుకు సిగ్గేసింది. అయినా సంతోషించాడు.

ఈ కత్తిని మొదట్లో ఎలా చేసేవారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అని అడిగాడు ఆఫీసరు. యజమాని అందుకున్నాడు. ఇరవయ్యేళ్ల కిందట తోలు పిడితో మొదలుపెట్టామనీ, వానకు తోలు కుళ్లుతోందని సైన్యమే చెబితే రబ్బరు పిడికి మారామనీ, అలుగు మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతేననీ పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

అలుగు సంగతి నిజమే. పిడి లోపలి సంగతే ఆయన ఎత్తలేదు. మొదట్లో మొన నుంచి పిడి చివరిదాకా ఒకటే ఉక్కు. రబ్బరు వచ్చాక లోపల ఏముందో ఎవరికీ కనిపించదు. అందుకని ఖర్చు తగ్గించడానికి యజమాని, పిడిలోకి రెండు వేళ్ల మేర ఉక్కు దింపి, అక్కణ్ణుంచి మామూలు ఇనప చువ్వ అతికించమన్నాడు. అలా చేసిన మొదటి కత్తిని మేస్త్రీ వైస్‌లో బిగించి వంచితే అతుకు దగ్గర పుటుక్కున విరిగింది. ముక్కలు తెచ్చి చూపిస్తే, "యుద్ధంలో వైసులుంటాయటయ్యా?" అని యజమాని నవ్వాడు. మేస్త్రీ కూడా నవ్వి, తనిఖీ కాగితం మీద సంతకం పెట్టాడు. ఆరేళ్లుగా పెడుతూనే ఉన్నాడు.

ఒక్క కత్తిలో మాత్రం ఆ అతుకు లేదు. కొడుకు సెలవుకు వచ్చినప్పుడు వాడి కత్తి తీసేసుకొని, పాత పద్ధతిలో ఒకటే ఉక్కుతో ఇంకోటి చేసిచ్చాడు. అదే రబ్బరు పిడి, అదే అంకె. మొన దగ్గర రెండు వేళ్లతో పట్టి మేకుతో కొడితే ఖంగుమంది; అతుకుంటే అలా మోగదు. చిన్నప్పుడు కొలిమి దగ్గర తండ్రి వినిపించిన మోత అదేనని కొడుకు నవ్వాడు. దీన్ని ఎవరికీ ఇవ్వకురా అని మేస్త్రీ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. చెబితే మిగతా కత్తుల సంగతీ చెప్పాలి.

"తనిఖీ కాగితం మీద సంతకం మీది," అన్నాడు ఆఫీసరు మేస్త్రీతో. "మా దళంలో ఇలాంటివి నాలుగొందలున్నాయి. తేడా ఉందంటే చెప్పండి, ఇవాళే అన్నీ తీయించేస్తాను."

యజమాని మేస్త్రీ వైపు చూశాడు. ఏం చెప్పాలో ఆ చూపులోనే ఉంది. విరిగినచోట అతుకు మచ్చ నల్లగా కనిపిస్తోంది గానీ, అది పనివాడి కంటికే ఆనుతుంది. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, జైలూ తప్పదు. నాలుగొందల మంది నడుముకూ ఆ అతుకులే వేలాడుతున్నాయి. కాని తనవాడి నడుముకున్నది ఒకటే ఉక్కు. ఆ ధైర్యంతోనే మేస్త్రీకి నోరు పెగిలింది.

"కత్తిలో లోపమేమీ లేదు సార్. వాడినవాడికి కత్తి సంగతి తెలిసుండదు. బరువంతా దానిమీద వేస్తే ఏ కత్తయినా విరుగుతుంది."

యజమాని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"మాలో కత్తి సంగతి తెలిసినవాడు వాడొక్కడే," అన్నాడు ఆఫీసరు. "దిగేముందు మా పదిమంది కత్తులూ వరసగా పరిచి, ఒక్కోదాన్నీ మొన పట్టుకొని మేకుతో కొట్టి విన్నాడు. మేమంతా ఎగతాళి చేశాం. పదింటిలో ఒక్కటే మోగిందన్నాడు. ముందు దిగేది నేను కదా అని దాన్ని నా నడుముకు కట్టి, నాది వాడు పెట్టుకున్నాడు. ఇద్దరం జారాం. ఇద్దరం కత్తుల మీదే వేలాడాం. ఈ విరిగింది నా కత్తి."

ఎడమచేత్తో ఒరలోంచి ఇంకో కత్తి తీశాడు. మొన దగ్గర రెండు వేళ్లతో పట్టుకొని, పిడిని కిందికి వేలాడదీసి, అలుగును బల్ల అంచున ఉన్న వైస్‌కు తాకించాడు.

గదంతా ఖంగుమంది.

"వినండి. ఇదొక్కటే ఎందుకు మోగుతుందో మీరైనా చెప్పండి," అంటూ దాన్ని మేస్త్రీ ముందు పెట్టాడు.

అంకె చివర పదిహేడు ఉంది.