ఆకుపచ్చ రిబ్బను

ఆల్బీ టర్నల్ చొక్కాలో ఆకుపచ్చ రిబ్బను కుట్టింది డెన్నిస్ క్రాబే. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆల్బీ ఇంట్లో అది తేలిపోయిన సంగతి. ఇప్పుడు దాన్ని అట్టమీద రాయించి జనానికి చూపించమంటున్నాడు.

"నేను చెప్పినట్టే రాయి అమ్మాయ్," అన్నాడు ఆల్బీ బల్ల మీద పొగాకు డబ్బా పెడుతూ. "అరవై మూడో సంవత్సరం ఆఖరి రేసులో ఆల్బీ టర్నల్ పడిపోవడానికి కారణం ఈ రిబ్బను. కుట్టినవాడు సొంత జట్టువాడైన డెన్నిస్ క్రాబ్. ఆ అట్ట అద్దాల బీరువాలో పెడితేనే నా చొక్కాలిస్తాను. లేదంటే ఐదూ పట్టుకుపోతాను."

మిస్ పిల్‌బీమ్ డబ్బా మూత తీసి చూసింది. లోపల వేలెడు రిబ్బను ముక్క. బ్రాక్‌టన్ స్టేడియంలో పాత టిక్కెట్ల గదిని ఆవిడ స్పీడ్‌వే మోటారుసైకిల్ రేసుల మ్యూజియంగా మారుస్తోంది. ఆదివారం తెరవాలి. ఆల్బీ చొక్కాలు లేకపోతే అందులో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు.

"రిబ్బనుకి మనిషి పడిపోతాడా అండీ?"

"ఆకుపచ్చ ఒంటిమీద ఉంటే పడతాడు. రేసుల్లో ఆ రంగు అపశకునం. ఆకుపచ్చ మేజోళ్ళతో వచ్చిన మెకానిక్కు చేత గేటు దగ్గరే అవి విప్పించేవాళ్ళం. అవి బ్రేకుల్లేని బళ్ళమ్మా. నలుగురం ఒక్కసారే మొదటి మలుపులోకి దూరతాం. అక్కడ గుండెల్లో గుబులు పుట్టిందా, అంతే."

"ఆ గుబులు నేను పుట్టించానట," అన్నాడు డెన్నిస్ కిటికీ పక్క కుర్చీలోంచి. అట్టమీద పేరెక్కబోయే మనిషి మాట కూడా వినాలని మిస్ పిల్‌బీమే అతన్ని పిలిపించింది. "ఒరేయ్ ఆల్బీ, నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదురా. మా ఆవిణ్ణడుగు."

"ఆ రోజు చొక్కా నా చేతికిచ్చిందెవడు?"

"నేనే. నువ్వు బండి పక్కన చతికిలబడి గొలుసు బిగిస్తున్నావు. అందించాను. అదీ తప్పేనా?"

"అస్తరు ఊడి ఉంది. రిబ్బను కొస బయటికి కనిపించింది. పీకేశాను. వీడి ముక్కు మీద ఒకటిచ్చాను. పది నిమిషాలకి ఆఖరి రేసు. మొదటి మలుపులోనే పడ్డాను. ఒక్క పాయింటుతో కప్పు పోయింది. ఎడమ భుజం ఇదిగో, ఇప్పటికీ పైకి లేవదు." ఆల్బీ చెయ్యెత్తి చూపించబోయి సగంలో ఆపేశాడు. "ఇంకేం రుజువు కావాలి?"

"ఆదివారం నా మనవరాళ్ళు వస్తారు," అన్నాడు డెన్నిస్ నెమ్మదిగా. "వాళ్ళకి చదువొచ్చు."

"చదవనీ."

మిస్ పిల్‌బీమ్ చొక్కాలు ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది. తోలుకోటు మీద తొడిగే చేతుల్లేని జట్టు చొక్కాలు. ఏడాదికొకటి చొప్పున యాభై తొమ్మిది నుంచి అరవై మూడు దాకా. పురుగు పట్టిందేమోనని వేళ్ళతో నొక్కి చూస్తోంది.

"మీ ఆవిడ ఏమనేవారండీ, ఈ రిబ్బను గురించి?"

"ఊనా ఏమంటుంది? ఐర్లాండు మనిషి, దానికీ రేసులకీ చుక్కెదురు. నేనీ మాటెత్తితే లేచి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టేది. పోయి నాలుగేళ్ళైంది. వీడు పూలు పట్టుకుని సమాధికొస్తే గేటు దగ్గరే తిప్పి పంపాను."

"తిప్పి పంపావు," అన్నాడు డెన్నిస్. "పూలు మాత్రం ఉంచుకున్నావు."

మిస్ పిల్‌బీమ్ వేలు ఒకచోట ఆగింది. "ఇందులో ఏదో ఉందండీ. ఎడమవైపు, గుండె దగ్గర."

"ఏ చొక్కా అది?"

"యాభై తొమ్మిది."

చిన్న కత్తెర తీసింది. "చింపకు," అన్నాడు ఆల్బీ. "అస్తరు ఊనా వేసింది." ఆవిడ చింపలేదు. నాలుగు కుట్లు విప్పి రెండు వేళ్ళతో లోపలిది బయటికి లాగింది. ఆకుపచ్చ రిబ్బను ముక్క. వేలెడుంది.

ఆవిడ అరవైది విప్పింది. ఉంది. అరవై ఒకటిలో ఉంది. అరవై రెండులోనూ ఉంది. అరవై మూడుది విప్పే పని లేదు. అక్కడ అస్తరు ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందటే ఊడింది.

డెన్నిస్ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు. "నేను బ్రాక్‌టన్‌కి వచ్చింది అరవై రెండులో. యాభై తొమ్మిదిలో నేనెవడినో నీకు తెలీదు, నువ్వెవడివో నాకు తెలీదు. అప్పుడు కూడా నేనే వచ్చి కుట్టానంటావా?"

ఆల్బీ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"పైగా ఆ నాలుగేళ్ళూ నీకు గోరు కూడా ఊడలేదు. పీకేసిన రోజే పడ్డావు. అది కూడా రాయించు అట్టమీద."

మిస్ పిల్‌బీమ్ ఇవేమీ వినడం లేదు. ముక్కలు అటూ ఇటూ తిప్పి చూస్తోంది. కత్తిరించిన అంచులు ఒకదానికొకటి సరిపోతున్నాయి. నాలుగూ వరసగా పేర్చి, డబ్బాలోది తీసి చివర చేర్చింది. ఒక్క రిబ్బనైంది. మధ్యలో ముడి వేసిన మడత ఇంకా పోలేదు.

"ఇది జుట్టుకి కట్టుకునే రిబ్బనండీ," అంది. "ఎవరిదయ్యుంటుంది?"

ఆల్బీ ఆ ముడి మడత మీద వేలు పెట్టాడు. ఖాళీ డబ్బాకి మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. చొక్కాలు ముట్టుకోలేదు. టోపీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, డెన్నిస్ వైపు తిరక్కుండానే అన్నాడు.

"పెళ్ళినాడు ఊనా కట్టుకొచ్చింది, మా ఐర్లాండులో ఇది శుభం అంది, చర్చి మెట్ల మీద నేనే తీయించాను. ఈ సంగతి చచ్చేదాకా నేనింక ఎత్తను, మీరూ నా దగ్గర ఎత్తకండి."