బురద తినే ప్రాణి

ఆ రోజుల్లో ఉప్పాడలో ఇంటికొకరు కొత్త ప్రాణుల్ని తయారుచేసేవారు. ఎక్కడో దూరపు గ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామ మీద, మంచు కింద సముద్రం ఉంది. అందులో బతకగల ప్రాణిని ఊహించి గీసి పంపితే, ప్రయోగశాల వాళ్లు తొట్టెలో పెంచి చూసేవారు. నూకరత్నం చేసే పనీ అదే. ఆమె పంపిన ఆరు రెక్కల ప్రాణులు రెండూ, ఎదురుగా మేత ఉన్నా, మూడో రోజుకే ఆకలితో చచ్చిపోయాయి. ఈసారిదీ పోతే ఆమెను పనిలోంచి తీసేస్తారు.

తెర మీద మళ్లీ ఆరు రెక్కల ప్రాణినే గీసి, తల పట్టుకుని కూర్చున్న కోడల్ని, గుమ్మంలో చేపలు కోస్తున్న పోలమ్మ చూసింది.

“అందంగానే ఉంది గానీ, ఏం తింటదే అది?”

“అడుగునున్న బురదే అత్తా. అక్కడింకేం దొరకదు.”

పోలమ్మ చేతిలోని చేప కడుపులోంచి పేగు లాగి చూపింది. “వంజరం సాటి చేపల్ని తింటది, దానికి జానెడు పేగు చాలు. ఇది బురద తినేది. చూడు, బారెడుంది. నీదానికి పొట్టేదే?”

నూకరత్నం నాలుక్కరుచుకుంది. నాలుగు రెక్కలు తీసేసి, ఆ చోటంతా పేగు చుట్టలతో నింపింది. ప్రాణి ఆనపకాయలా ఉబ్బి వికారంగా తయారైంది. అలాగే పంపేసింది.

మూడో రోజు గడిచింది. పదో రోజు పొద్దున్నే తెర మీద తొట్టెను చూసి ఆమె కేకేసింది.

“అత్తా, పిల్లల్ని పెట్టింది! పదకొండు!”

పోలమ్మ చేతులు కడుక్కుని వచ్చి, ఆ వికారపు తల్లిని మురిపెంగా చూసింది.

“గట్టిగా అరవకే. బాలింత, కాసేపు పడుకోనీ.”