పంతులమ్మకు అనుమానం వచ్చింది

ఊరికే చదువు చెప్పేవాళ్ళకి ఏం మిగులుతుంది? ఈ సందేహం దర్జీని ఏళ్ళ తరబడి పీకుతూనే ఉంది. దేవుడు ఊరికే ఇస్తాడంటే నమ్ముతాడు. మనుషులు ఇస్తారంటేనే నమ్మలేడు.

ప్రోగ్రాములు రాయడం నేర్పే ఆ సైట్‌లో ఫీజు లేదు. దాన్ని నడిపే కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, బాగుచెయ్యొచ్చు. తెర మీద ఒక పక్క పాఠం, రెండో పక్క మనం రాసే ప్రోగ్రాం. తప్పయితే ఎరుపు, ఒప్పయితే పచ్చ. చిక్కుపడితే విడదీయడానికి ‘పంతులమ్మ’ అనే మారుపేరుతో ఒకావిడ. ఆవిడ ముఖం ఎవరూ చూడలేదు.

అందులో చేరింది అతని భార్య. ఇప్పుడు ఆమె పేరుతో రాస్తున్నది అతను.

కుట్టుమిషను పక్కకు జరిపి, తలుపు గడియ పెట్టి, ఆమె కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఇంక ఒక్క పాఠం. అది పచ్చబడితే పూర్తిచేసినవాళ్ళలో ఆమె పేరు చేరుతుంది. ఈలోపు ఎవరైనా పసిగడితే ఖాతా మూసేస్తారు.

తెర మీద పంతులమ్మ అక్షరాలు పడ్డాయి.

“ఈమధ్య నీ రాత మారింది తల్లీ. నువ్వేనా?”



“నేనేనండీ. కాస్త నలతగా ఉంది.”

“ఏదీ, ఒక్కసారి గొంతు వినిపించు.”

“గొంతు పూడుకుపోయిందండీ.”

తలుపు దబదబ మోగింది. బావమరిది.

“బావా! తియ్యి! లోపల ఏం చేస్తున్నావో నాకు తెలీదనుకోకు.”

“కొలతలు రాసుకుంటున్నాన్రా.”

“గడియ పెట్టుకునా? ఎవరి కొలతలు, దేవకన్యవా? ఇంకా అక్కలాగే రాస్తున్నావు కదూ! బయటపడితే మొహం ఎక్కడ పెట్టుకుంటావ్? ఆ కంప్యూటర్ ఇటిచ్చెయ్.”

“ఒక్క పావుగంట ఆగరా, నీకు పుణ్యముంటుంది.”

ఎరుపు.

రాసిన ప్రోగ్రాం విప్పి మళ్ళీ కుట్టాడు. ఎరుపే. కళ్ళు చికిలించి చూస్తే, గుండీ పెట్టని చొక్కాలాగా ఒక బ్రాకెట్ మూయకుండా వదిలేశాడు. మూశాడు.

పచ్చ.

ఆ వెంటనే పంతులమ్మ మాట పడింది.

“నువ్వు ఆ పిల్లవి కాదు. నిజం చెప్పు. ఆ పిల్ల ఏమైంది?”

ఇక దాచి లాభం లేదు. దేవుడి మీద భారం వేసి టైపు చేశాడు.

“జబ్బుచేసి పోయిందండీ. ఆమె చదువు సగంలో ఆగిపోవడం చూడలేక నేనే నేర్చుకుని రాశాను. నేను ఆమె భర్తని. చేసింది మోసమే. క్షమించండి.”



తర్వాత, నెమ్మదిగా, ఒక్కటే వాక్యం వచ్చింది.

“పంతులమ్మ నా కూతురు నాయనా, అది పోయి రెండేళ్ళయింది, చివరిదాకా నేర్పిస్తానని అది మీ ఆవిడకి బాకీపడ్డ మాటని, ముందు నేను నేర్చుకుంటూ తర్వాత నీకు చెబుతూ, ఇవాళ్టికి తీర్చుకున్నాను.”