నెక్స్ట్ నొక్కిన్రా మేడమ్?

"నెక్స్ట్ నొక్కిన్రా మేడమ్?"

"ఆగు రాకేష్, ఇంకా రాలే."

రాకేష్ వాచీ చూసుకున్నాడు. లంచ్ టైమ్ అయిపోవస్తోంది. టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

నల్లగొండలో అతను పనిచేసే కంపెనీ పల్లె బడుల పిల్లలకు ప్రోగ్రామింగ్ పోటీ పెట్టింది. గెలిచిన ఐదుగురికి ఏడాదంతా ఉచితంగా శిక్షణ, హాస్టల్లో సీటు. మర్రిగూడ అవతల అతను చదువుకున్న బడి నుంచి మనీష అనే తొమ్మిదో తరగతి పిల్ల వస్తోంది. ఆ పిల్లను తయారు చేస్తున్నది నిర్మలమ్మ మేడమ్. ఒకప్పుడు రాకేష్‌కు లెక్కలు చెప్పింది ఆవిడే.

పోటీలో మొదటి గండం ఒకటుంది. ప్రోగ్రాములు రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్లో ఎక్కించి, దానికి పైథాన్ భాష కోసం ప్లగిన్ అనే అదనపు ముక్క తగిలించాలి. పావుగంటలో ఆ పని కాకపోతే ఇంటిదారే. రాకేష్‌కైతే ఐదు నిమిషాల పని. ఫోన్లో చెప్పడం మాత్రం ఇవాళ్టికి నాలుగో రోజు.

"షరతులకు ఒప్పుకుంటున్న అని ఒక గుండ్రం ఉంటది మేడమ్. దాని మీద నొక్కుండ్రి."

"గుండ్రం ఏ దిక్కుంటది? ఎడమకా, కుడికా?"

"మీ ముందటనే ఉన్నది కద మేడమ్!"

"నా కండ్లతోని అయ్యేదుంటే నిన్నెందుకు అడుగుత బిడ్డా?"

రాకేష్ పళ్లు నూరుకున్నాడు. అంతలోనే సిగ్గేసింది. ఆరో తరగతిలో భిన్నాలు బుర్రకెక్కక ఏడుస్తుంటే, విసుక్కోకుండా పది రోజులు అదే లెక్క చెప్పిన మనిషి ఆవిడ. గొంతు తగ్గించాడు.

"ఎడమ దిక్కే మేడమ్. కిందికి."

మెల్లగా ప్లగిన్ల దగ్గరికి చేరారు.

"ఎడమ పక్కన నిలువుగ గుర్తులుంటయి. నాలుగు చిన్న డబ్బాలున్నది నొక్కాలె. మూడు కలిసుంటయి, ఒకటి జర పక్కకు జరిగి ఉంటది."

"జరిగింది ఏది? పైదా, కిందిదా?"

"పైన కుడి దిక్కుది."

రాకేష్ మళ్లీ వాచీ చూసుకున్నాడు. ఫోన్లో ఎక్కడో పిల్లలు గుసగుసలాడుతున్నారు.

"ఆఁ, వచ్చింది. మల్లా?"

"పైన డబ్బాల పైథాన్ అని రాయుండ్రి. కింద నీలం రంగుల ఇన్‌స్టాల్ అని వస్తది. నొక్కుండ్రి."

"నీలం లేదు బిడ్డా. పచ్చదున్నది. నడుస్తదా?"

"రంగుదేమున్నది మేడమ్, నడుస్తది."

"వెనకంత నల్లగనే ఉన్నది."

"మంచిదే. మాది గూడ నల్లదే."

ఆ బడిలో ఏ కాలంనాటి సిస్టమ్ ఉందో, ఒక్కో పేజీ తెరుచుకోవడానికి ఒక్కో యుగం పడుతోంది. రాకేష్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"మేడమ్, ఒక నంబర్ చెప్త, అది కొట్టుండ్రి. మీ కంప్యూటర్ల ఇక్కడికెల్లే నేను చేసి పెడ్త."

"నువ్వు చేస్తె మనీషకు ఎట్లొస్తది? నువ్వు చెప్పుకుంటనే పో."

చెప్పుకుంటూనే పోయాడు. అన్నం తినకుండానే సీటు దగ్గరికి వెళ్లాడు.

ఆదివారం పోటీ. నిర్మలమ్మ మనీషను మొదటి బస్సుకే తీసుకొచ్చింది. పెద్దవాళ్లను అద్దాల తలుపు బయటే కూర్చోబెట్టారు. లోపల పర్యవేక్షణ రాకేష్‌ది. పిల్లలకు ఎవరూ ఒక్క ముక్క సాయం చేయకూడదన్న నిబంధన మైకులో చదివిందీ అతనే.

మనీష కుర్చీ అంచున కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. అన్నీ వరసగా చెప్పుకుంటోంది. ఒక్కటి తప్పు పోలేదు. రాకేష్‌కు ప్రాణం లేచొచ్చింది.

ఆ పిల్ల వేలు చాపి, తెర మీద నెక్స్ట్ అన్నచోట నొక్కింది.

తెర కదల్లేదు. మళ్లీ నొక్కింది.

ఫోన్ అలవాటు, ఇప్పుడే సర్దుకుంటుందిలే అనుకున్నాడు రాకేష్. మౌస్ ఆ పిల్ల మోచేతి పక్కనే ఉంది. దాని వంక చూడనైనా చూడలేదు. ఈసారి బొటనవేలితో గట్టిగా నొక్కింది. పక్క కుర్చీలో అబ్బాయి అప్పుడే ప్లగిన్ వెతుకుతున్నాడు.

"సార్, నెక్స్ట్ నొక్కిన. ఇంకా వస్తలేదు."

"నేను చెప్పొద్దమ్మా."

మౌస్ పట్టుకో తల్లీ అంటే చాలు. అంటే ఆ పిల్లను పోటీ నుంచే తీసేస్తారు. రాకేష్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఎనిమిది నిమిషాలు గడిచాయి. ఎక్కడో తప్పు చేశాననుకుంది కాబోలు, మనీష చున్నీ కొసతో తెరంతా శుభ్రంగా తుడిచింది. చేతులు కట్టుకుని, తర్వాతి పేజీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. గంట మోగేదాకా అట్లాగే కూర్చుంది.

రాకేష్ తలుపు తోసుకుని బయటికొచ్చాడు. దుఃఖమంతా కోపమై నిర్మలమ్మ మీదికి తన్నుకొచ్చింది.

"అన్ని నోటికొచ్చు మేడమ్ ఆ పిల్లకు! నాలుగు దినాలు నేను నెత్తి కొట్టుకున్న. బడి కంప్యూటర్ మీద అంత నేర్పి, మౌస్ పట్టుడు ఎట్ల మరిచిన్రు?"

నిర్మలమ్మ తల వంచుకుంది.

"బడిల కంప్యూటర్ యాడిది బిడ్డా, నువ్వు చెప్పింది చెప్పినట్టు నేను నల్లబల్ల మీద సుద్దముక్కతోని గీస్తె, దాని మీదనే నొక్కి నేర్చుకున్నది."